పలక మీద పిచ్చుకలు

"అత్తయ్యా, ఒక్కసారి నిజం చెప్పండి. ఇది పిచ్చుకేనా?"

కోడలు శాలువా అంచును రెండు చేతులా పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తింది. చట్రానికి బిగించిన గుడ్డ సగం ఆమె వెంట లేచింది. సగం కదలనని మొరాయించింది.

"పిచ్చుక కాకపోతే ఇంకేమిటమ్మాయ్? ముక్కుంది, తోకుంది. గొంతు కింద నల్ల మచ్చ కూడా పెట్టాను."

"అన్నీ ఉన్నాయి. ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉన్నాయి. నా అరచెయ్యి మొత్తం కప్పినా తోక బయటికొస్తోంది, చూడండి!"

మామగారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చారు. బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎక్కడ ఏం ఆగిపోయినా దిగి చూడకుండా ఉండలేరు. కళ్ళజోడు పైకి ఒకసారి, కిందికి ఒకసారి జరిపి చూసి తీర్పు చెప్పేశారు.

"కోడిపెట్ట. ఇవాళో రేపో గుడ్డు కూడా పెట్టేట్టుంది."

"మీరు ఊరుకోండి" అన్నారు అత్తగారు. కానీ గొంతులో బలం లేదు. చూపుడు వేలితో ఆ పిట్ట వీపును తడిమారు. దారం దగ్గరగా, నున్నగా, ఎక్కడా ముడి తగలకుండా పడింది. ఎన్నో నెలల తర్వాత తన చేత్తో గీసి తన చేత్తో కుట్టిన పిట్ట. అంచు పొడవునా అలాంటివే వరసగా నిలబడి ఉన్నాయి, బాగా తిని అరుగు మీద చేరిన చుట్టాల్లా.

"అంచంతా అయిపోయిందా!" కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నేను ఆర్డర్లు ఇవ్వడానికి ఊరెళ్ళి నాలుగు రోజులకు వచ్చేసరికి అంచంతా కుట్టేశారా అత్తయ్యా?"

"చెయ్యి నడిచింది. ఆపబుద్ధి కాలేదు."

ఆ ఇంట్లో పువ్వుకైనా పిట్టకైనా కొలత ఫోనే. కోడలు బొమ్మల యాప్ తెరిచి, కావలసిన బొమ్మ మీద తాళం గుర్తు నొక్కుతుంది. బొమ్మ తెర నిండా పరుచుకుని, వేలు తగిలినా కదలకుండా నిలబడుతుంది. దాని మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో గీస్తారు. గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కాగితాన్ని గుడ్డ మీద పెట్టి సుద్దపొడి రుద్దుతారు. ఫోను వెడల్పు ఎంతో పిట్ట అంత. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. ఎవరూ స్కేలు పట్టి కొలిచింది లేదు.

పోయిన వారం కొడుకు పలక తెచ్చాడు. దుకాణం వాళ్ళు దాన్ని ట్యాబ్ అన్నారు. మామగారు చూడగానే పలక అన్నారు. ఇంట్లో ఆ పేరే ఉండిపోయింది. కోడలు ఫోను పట్టుకుని ఊరెళ్ళిన పూట అత్తగారు అదే యాప్ పలకలో తెరిచి, అదే తాళం నొక్కి, అదే కాగితం పరిచారు. పలక తెర కూడా నిండింది. పిచ్చుకా దాంతో పాటు ఎదిగింది, పక్కలకూ లావెక్కింది.

విచిత్రమేమిటంటే, అది పెద్దదని ఆమెకు అనిపించనే లేదు. నెలల తరబడి ప్రతి గీతా అలుక్కుపోయి కనిపించిన కళ్ళకు ఒక్కసారిగా ముక్కు ముక్కులా, కన్ను కన్నులా కనిపించింది. కనిపిస్తోంది కాబట్టి అదే సరైన కొలత అనుకున్నారు.

అప్పుడే కొడుకు పని నుంచి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. పనిముట్ల సంచి ఇంకా భుజం దిగకముందే భార్య అందుకుంది.

"నేను ముందే చెప్పానా, లేదా? కొనేముందు మన యాప్ పెట్టి ఒకసారి చూడండి అన్నానా?"

"దుకాణంలో చూపించారు కదా. సినిమా బ్రహ్మాండంగా కనిపించింది."

"మనం సినిమాలు కుడుతున్నామా?"

మామగారు నవ్వబోయి, భార్య ముఖం చూసి దగ్గుగా మార్చుకున్నారు.

కొడుకు శాలువా చూశాడు, పలక చూశాడు. "తప్పు దీనిది కాదు. లోపల నడిచే సిస్టం ఫోను కోసం చేసింది. యాపూ ఫోను కోసం చేసిందే. ఇంత తెర దొరికితే ఏం చేసుకోవాలో వాటికి తెలీదు, అంతే. ఉన్నదాన్నే సాగదీస్తాయి. యాప్ వాళ్ళకు రాశాను కూడా. ఇంత చోటుంటే పక్కన రంగుల పట్టీ పెట్టొచ్చు, రెండు బొమ్మలు పక్కపక్కన చూపించొచ్చు, అవేమీ లేకుండా ఫోనునే గాలికొట్టి పెద్దది చేశారేమిటని గట్టిగానే అడిగాను."

"వాళ్ళు పనులన్నీ మానుకుని మీ ఉత్తరమే చదువుతున్నారు పాపం!"

"నేను చెప్తా వినండి" అన్నారు మామగారు. "బస్సు బాడీ కట్టారు. లోపల స్కూటరు హ్యాండిలు బిగించారు. ఇప్పుడు డ్రైవరు ఎక్కడ కూర్చోవాలి? వార్తలు చదువుదామని తెరిస్తే వాక్యం ఈ చివర మొదలై ఆ చివరికి పోతుంది. అక్కడికి చేరేసరికి ఎక్కడ బయలుదేరానో గుర్తుండటం లేదు."

"మెసేజ్ రాద్దామంటే కీబోర్డు లేచి సగం తెర మింగేస్తుంది" అంది కోడలు. "ఇది పలక కాదు మామయ్యా. ఒళ్ళొచ్చిన ఫోను."

ఈసారి కొడుకు కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు మొహమాటానిది. బహుమతి తెచ్చిన మనిషి కదా. మెల్లగా పలక చేతిలోకి తీసుకుని, తుడవాల్సిన మరక ఏదీ లేకపోయినా చొక్కా చివరతో తుడిచాడు.

"సరే. నచ్చకపోతే వాపసు తీసుకుంటామన్నారు. ఆ గడువు ఇవాళ సాయంత్రంతో సరి. ఇచ్చేసి వస్తాను."



కోడలి కళ్ళు ఆమెకు తెలియకుండానే కిటికీ పక్క కుర్చీ మీదికి వెళ్ళాయి. చట్రం ముందున్న కుర్చీ అది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి అందులో అత్తగారినే చూసింది. గిరాకీకి వచ్చేవాళ్ళు కూడా కోడలి నోట విని విని ఆమెను అత్తగారూ అనే పిలిచేవారు. మధ్యలో కొన్ని నెలలు మాత్రం ఆ కుర్చీ ఖాళీ. కంటిలో వెలుగు చెదిరిపోయే జబ్బని డాక్టరు చెప్పింది. మందులతో ముదరకుండా ఆపొచ్చు గానీ పోయిన చూపు రాదంది. తెల్లటి మెరుపు తగిలితే గీతలు కరిగిపోతాయి. అప్పటి నుంచి అత్తగారు మూలన ముక్కాలిపీట మీద కూర్చుని దారాలు చుట్టారు. ఒక్కరోజు కూడా ఎవరినీ ఏమీ అనలేదు. అందుకే కొడుకు పలక కొన్నాడు.

అది వెళ్ళిపోతే ఆమె మళ్ళీ ఆ పీట మీదికే. అందరికీ తెలుసు.

"ఇచ్చేయరా" అన్నారు అత్తగారు. "దానికి రానిది మనమెంత బతిమాలినా వస్తుందా?"

లేచి లోపలి గదిలోకి వెళ్ళి దేవుడి పటం ముందు నిలబడ్డారు. దీపం పొద్దున వెలిగించిందే, ఇంకా మెల్లగా వెలుగుతోంది. ఆమె దేవుణ్ణి కోరికలు కోరే మనిషి కాదు. అడిగితే మాత్రం పక్కింటి పెద్దమనిషిని అడిగినట్టు అడుగుతారు.

"నీకు పిచ్చుకా ఏనుగూ ఒకటేనంటారు. కొలతల గొడవ మాకే పెట్టావు. సరే, ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది. కానీ స్వామీ, ఈ నాలుగు రోజులు నాకు అంత స్పష్టంగా ఎందుకు చూపించావు? చూపించకపోయినా అడిగేదాన్ని కాదే."

పటంలో దేవుడు ఎప్పటిలాగే నవ్వుతూ ఉన్నాడు. ముందు గదిలో మాటలు వినిపించాయి. గొంతులు తగ్గించి పోట్లాడుకుంటున్నారు.

"అత్తయ్యకి చెప్పే పద్ధతి అదేనా?"

"నేనేమన్నాను? ఒళ్ళొచ్చిన ఫోను అని ఎవరన్నారు?"

"ఫోన్ని అన్నాను, వాపసు ఇమ్మన్నానా? నాకు కోపం రాదా? వచ్చే వారం ఈ శాలువా కుట్టమన్న పిల్ల పెళ్ళి. ఇప్పుడేం చూపించాలి?" తర్వాత కోడలి గొంతు ఇంకా తగ్గింది. "మీకు తెలీదు. ఒక్కదాన్నే చట్రం ముందు కూర్చుంటే నాకు చెయ్యి నడవదు. ఎదురుగా అత్తయ్య ఉండాలి. 'ఆ కుట్టు సోమరికుట్టు, విప్పు' అనాలి. నేను విసుక్కోవాలి. అప్పుడు గానీ పిట్టకు ప్రాణం రాదు."

అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. పటం వైపు మళ్ళీ చూసి, "ఓహో, ఇటునుంచి చెప్పావా" అనుకున్నారు.

ఆమె ముందు గదిలోకి వచ్చేసరికి డబ్బా తెరిచి ఉంది. కొడుకు ఛార్జరు తీగను చుడుతున్నాడు. మామగారు మాత్రం పలకను వదలడం లేదు.

"ఆగరా. బండి డిపోకి ఇచ్చేముందు ఒక చివరి ట్రిప్పు వేసుకోనీ."

పిచ్చుక బొమ్మ ఇంకా తెర మీదే ఉంది. ఆయన పలకను రెండు చేతులా స్టీరింగులా పట్టుకుని, నోటితో హారను కొట్టి, పెద్ద మలుపు తిరిగినట్టు అడ్డంగా తిప్పారు. బొమ్మ ఒకసారి తడబడి, చిన్నదై మధ్యలోకి వెళ్ళి నిలబడింది. రెండు పక్కలా నల్లటి ఖాళీ.

"చూశారా అన్యాయం! ఇటు తిప్పితే మరీ ఘోరం. సీట్లన్నీ ఖాళీగా పెట్టి, జనమంతా మధ్య దారిలో నిలబడ్డట్టు..."

"మామయ్యా, కదలకండి!"

కోడలు అరిచిన అరుపుకు మామగారు నిజంగానే బ్రేకు తొక్కినట్టు కాలు నేలకేసి నొక్కారు. ఆమె పరుగున వెళ్ళి తన ఫోను తెచ్చింది. అందులో అదే పిచ్చుక తెరిచి, తాళం నొక్కి, పలక మధ్యలో ఉన్న పిచ్చుక పక్కన పెట్టింది. ముక్కుకు ముక్కు సరిపోయింది. తోకకు తోక సరిపోయింది. కవలల్లా ఉన్నాయి.

"అడ్డం తిప్పితే ఫోనంతే!" అంది. "నిలువు పెడితే కోడి, అడ్డం పెడితే పిచ్చుక!"

"యాప్‌కి అడ్డంగా పడుకోవడం రాదు" అన్నాడు కొడుకు, ఇంకా అర్థం కానట్టే. "అందుకని ఫోను ఆకారంలోనే మధ్యలో నిలబడి, మిగతా తెర వదిలేస్తుంది. అది లోపం. నేను వాళ్ళకు రాసింది ఇలాంటి లోపాల గురించే."

"లిఫ్టులో పైకీ కిందికీ తిరిగే మనిషికి అడ్డం తిప్పాలని ఎలా తడుతుందిలెండి!" కోడలి ముఖం వెలిగిపోతోంది. "అత్తయ్యా, రండి. ఇలా కూర్చోండి."

అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. పెద్ద ఆశేమీ పెట్టుకోలేదు. ఈ చిన్న పిచ్చుకనే కోడలి ఫోనులో ఎన్నిసార్లు చూడబోయారో. కాగితం మీద చెయ్యి ఆనించడానికి చోటుండదు, అంచు నుంచి జారిపోతుంది. సగం గీసేసరికి ఎవరో ఒకరు ఫోను చేస్తారు, పిచ్చుక ఎగిరిపోయి వాళ్ళ ముఖం వస్తుంది. అన్నిటికీ మించి కాగితం తెలుపు, గది వెలుతురు కలిసిపోయి గీత ఆనదు.

పలక వైపు వంగి చూశారు. వంగినవారు అలాగే ఉండిపోయారు.

"ఏమైంది?" అన్నారు మామగారు. ఆయన గొంతులో హాస్యం లేదు.

"పక్కన నల్లగా ఉంది కదండీ" అన్నారు అత్తగారు నెమ్మదిగా. "ఇటూ చీకటి, అటూ చీకటి. మధ్యలో దీపం పెట్టినట్టు... మెరుపు కంట్లో పడటం లేదు. ముక్కు కనిపిస్తోంది. కంటి చుట్టూ గీత ఉంటుందే సన్నగా, అదీ కనిపిస్తోంది."

కోడలు కాగితం పరిచింది. మధ్యలో పిచ్చుక మేరకే వెలుగు పైకి వచ్చింది. అత్తగారు మణికట్టును నల్లటి ఖాళీ మీద ఆనించారు. చెయ్యి ఎక్కడా జారలేదు. పెన్సిలు పిచ్చుక తల దగ్గర మొదలై, వీపు మీదుగా దిగి, తోక చివర ఆగింది. మధ్యలో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

"సోమరిగీత" అంది కోడలు. "తోక దగ్గర వంకర పోయింది. చెరిపెయ్యండి."

"నీ మొహం! కోడలివా, కొలతల ఇనస్పెక్టరువా?"

నలుగురూ ఒకేసారి నవ్వారు. ఎవరి నవ్వు ఎక్కడ ఆగిందో తెలియదు గానీ, ఆగేసరికి కోడలు పలక డబ్బాను తన వైపు లాక్కుని, మూలనున్న దారపు ఉండలన్నీ అందులో పోసేసింది. ఎర్రవి, గోధుమవి, నల్లవి. కొడుకు చూస్తూ నిలబడ్డాడు.

"మరి వాపసు?"

"దేన్లో పెట్టి ఇస్తారు? డబ్బా ఖాళీ లేదు."

అంత సంతోషంలోనూ శాలువా మాత్రం చట్రం మీద అలాగే ఉంది, అంచు నిండా లావుపాటి పిట్టలతో. అత్తగారే ముందు గుర్తు చేసుకున్నారు. మెత్తటి ఉన్ని. విప్పితే చిల్లులు ఉండిపోతాయి, గుడ్డ జల్లెడవుతుంది. ఏం చెప్పాలి ఆ పిల్లకు?

ఆలోచించే వ్యవధి దొరకలేదు. గుమ్మంలో కాల్చిన రొట్టె వాసన వచ్చింది. వాసన వెనకే పెళ్ళికూతురు.

బేకరీలో పనిచేసే పిల్ల. మోచేతుల దాకా పిండి మరకలు కడుక్కున్నా, చెవి వెనక కొంచెం మిగిలే ఉంది. "పని అయిందా అత్తగారూ? ఒక్క చూపు చూసి పోతాను, పొయ్యిలో రెండో వాయి ఉంది" అంటూనే లోపలికి వచ్చేసింది.

మామగారు చంకలో పేపరు తీసి శాలువా మీద పరిచి, అక్కడే ఏదో ముఖ్యమైన వార్త ఉన్నట్టు వంగి చదవసాగారు. పేపరు తలకిందులుగా ఉంది.

"మామగారూ, లేవండి మరి" అంది పెళ్ళికూతురు.

ఆయన లేవలేదు. అత్తగారే లేచి పేపరు తీసేశారు. "చూడమ్మా. తప్పు నాదే. బొమ్మ పెద్దదైంది. నువ్వు ఏమన్నా పడతాను."

ఆ పిల్ల చూసింది. ఒక పిట్ట దగ్గర ఆగి, రెండో దానికి వెళ్ళి, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చింది. కొడుకు పనిముట్ల సంచిని ఎందుకో మళ్ళీ భుజానికి తగిలించుకున్నాడు, పారిపోవడానికి సిద్ధమైనట్టు.

"మీకెవరు చెప్పారు?" అందా పిల్ల.

"ఏమిటమ్మా?"

"మా బేకరీ పిచ్చుకల సంగతి." ఆమె పకపకా నవ్వింది. "ఇవే! అచ్చంగా ఇవే! పొద్దున్నే మా గుమ్మంలో రొట్టె పొడి తిని తిని, ఎగరలేక నడిచి వెళ్తాయి. వాటి కోసమే కదా పిచ్చుకలు కుట్టమన్నాను. నేను ఎంచుకున్న బొమ్మలో ఉన్నది పాపం అన్నం తిననట్టు సన్నగా ఉంది. మీ యాప్‌లో అంతకన్నా మంచిది దొరక్క అదే చెప్పాను."

కోడలు అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం.

"అయితే రెండో అంచుకీ ఇలాంటివేనా?" అన్నారు అత్తగారు.

పెళ్ళికూతురు శాలువాను భుజాన వేసుకున్నట్టు గాలిలో చేతులు తిప్పి ఆలోచించింది. "ఊహూ. అటువైపు సన్నవే కుట్టండి. ఆకలితో వచ్చేవి ఆ అంచున, కడుపు నిండా తిని పోయేవి ఈ అంచున. కానీ ఒక మాట. వీటిని కుట్టిన చెయ్యే వాటినీ కుట్టాలి. అన్నం పెట్టిన చెయ్యి మారకూడదు. ఎవరు వేశారివి?"

"మా అత్తయ్య" అంది కోడలు. ఆ మాట చెప్పడానికి నేల మీది నుంచి లేచి నిలబడింది.

అత్తగారు కుర్చీలో కూర్చుని పెన్సిలు అందుకున్నారు. పలక అడ్డంగానే ఉంది, రెండు పక్కలా చీకటి, మధ్యలో సన్న పిచ్చుక. ఆకలితో వచ్చేవి ఎక్కువే కావాలి. రెండో దాని తల గీశారు. మెడ దాటారు.

పలక చిన్నగా గంట కొట్టింది.

పిచ్చుక మీదికి ఒక తెల్లటి చీటీ లేచింది. కాగితం కింద అక్షరాలు మసగ్గా మెరిశాయి. కొడుకు వంగి కాగితం అంచు ఎత్తి గట్టిగా చదివాడు. చదువుతుంటే గొంతు పెరిగిపోయింది.

"'పెద్ద తెరల కోసం కొత్త రూపం సిద్ధం. ఇకపై ఎటు తిప్పినా బొమ్మ తెర నిండా పరుచుకుంటుంది. నల్లటి ఖాళీలు ఉండవు. సూచన పంపిన మీకు ధన్యవాదాలు.' చదివారే! నేను రాసింది నిజంగా చదివారే!"

కింద రెండు మీటలు. ఒకటి 'ఇప్పుడే'. ఇంకొకటి 'తర్వాత'. వద్దు అనే మీట ఎక్కడా లేదు.

"అంటే పక్కన నలుపు..." అంది కోడలు.

కొడుకు ఆనందం అంత తొందరగా ఆగే రకం కాదు. గెలిచిన మనిషి వేలు ముందుకు వచ్చేసింది.

"ఆగరా!"

అత్తగారు అరచెయ్యి మొత్తం తెర మీద అడ్డంగా వేసేశారు. టప్పుమని చప్పుడైంది. చెయ్యి కింద ఏదో చిన్నగా కదిలినట్టు, నొక్కుకున్నట్టు వేళ్ళకు తెలిసింది.

"ఏమైంది?" అంది పెళ్ళికూతురు.

నాలుగు తలలు ఆ చేతి మీదికి వంగాయి. మూలన డబ్బా నిండా దారపు ఉండలు. కిటికీ బయట ఎండ సాయంత్రం వైపు వాలుతోంది. వాపసు గడువు ఇంకా మిగిలే ఉంది.

"ఏమేవ్" అన్నారు మామగారు మెల్లగా. "చెయ్యి ఏ మీట మీద పడింది?"

అత్తగారు చెయ్యి తీయలేదు.